బెంచ్ జీతం ఎవరి ఖర్చు? అమెరికాలోని తెలుగు కన్సల్టెన్సీ యజమానులకు బహిరంగ లేఖ

అమెరికాలో కన్సల్టెన్సీలు నడుపుతున్న తెలుగు యజమానులందరికీ నమస్కారం. హెచ్1 ఉద్యోగ వీసా మీద మనుషుల్ని పెట్టుకుని వేరే కంపెనీల ప్రాజెక్టులకు పంపడం మీ పని. ప్రాజెక్ట్ లేక వాళ్లు ఖాళీగా ఉండే రోజుల్నే బెంచ్ అంటాం. ఆ రోజుల జీతం గురించే ఈ లేఖ.

నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో ఆరేళ్లు హెచ్ఆర్ పని చేశాను. పెళ్లయ్యాక హెచ్4 (హెచ్1 మీద ఉన్నవాళ్ల భార్య లేదా భర్త, పిల్లలకిచ్చే వీసా) మీద ఈ దేశం వచ్చినదాన్ని. 2015లో మాలాంటివాళ్లకు వర్క్ పర్మిట్ ఇవ్వడం మొదలయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. ఎల్‌సీఏలు (హెచ్1 ఉద్యోగికి ఇంత జీతం ఇస్తామని కార్మిక శాఖకు ఇచ్చే హామీ పత్రాలు) ఫైల్ చేసేదాన్ని. లాయర్‌కి కాగితాలు పంపేదాన్ని. ఆర్ఎఫ్ఈ, అంటే ఇంకా ఆధారాలు చూపించమని వీసా అధికారుల నోటీసు, వస్తే క్లయింట్ లెటర్ కోసం వెండర్ల (మనకూ క్లయింట్‌కూ మధ్యనుండే కంపెనీల) వెంట పడేదాన్ని. నెలాఖరున పేరోల్ నడిపేది కూడా నేనే. అందుకే ఈ లేఖలో చెప్పే విషయాలు బయటినుంచి విన్నవి కావు. వాటిలో కొన్ని నా చేతుల మీదుగా జరిగాయి. ఆ బాధ నాకింకా పోలేదు.

ఒక మంగళవారం సంగతి చెప్తాను. ఖమ్మం వైపు నుంచి వచ్చిన కుర్రాడు, మాస్టర్స్ అయ్యాక మా కంపెనీ ద్వారా హెచ్1 వచ్చింది. ప్రాజెక్ట్ ముందు శుక్రవారం అయిపోయింది. మేం గెస్ట్ హౌస్ అని పిలిచే రెండు బెడ్‌రూముల ఇంట్లో అప్పటికే ఐదుగురున్నారు, ఇతను ఆరోవాడు. ఆఫీసుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మా యజమాని నాకు అప్పజెప్పిన మాట నేనతనికి చెప్పాలి: "పేరోల్ ఆగకూడదంటే నెలనెలా డబ్బు నువ్వు పంపాలి." ఎల్‌సీఏలో అతని జీతం ఏడాదికి 82,000 డాలర్లు. నెలకు 6,833. దాని మీద కంపెనీ కట్టాల్సిన 7.65 శాతం పన్ను 523. మొత్తం 7,356 డాలర్లు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి రెండుసార్లు కూడాడు. తర్వాత తలెత్తి, "అక్కా, నా జీతం నేనే ఇచ్చుకోవాలా?" అన్నాడు.

నేనేం చెప్పగలను? తల దించుకుని కీబోర్డ్ వైపు చూశాను.

అతని దగ్గర అంత డబ్బు లేదు. వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు. ఆయన మిర్చి రైతు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా యజమాని బంధువుకు రూపాయల్లో ఇచ్చారు. ఇక్కడ నేను పేరోల్ నడిపాను. ఆ 7,356లో పన్నులు పోగా కుర్రాడి ఖాతాలో పడింది సుమారు 5,400. అంటే నెలకు దాదాపు రెండువేల డాలర్లు పోగొట్టుకుని, పైగా ఇంటి దగ్గర అప్పు చేయించి, ఉద్యోగం చేస్తున్నట్టు ఒక కాగితం కొనుక్కున్నాడు. ఇలా మూడు నెలలు. ఇది మా ఒక్క ఆఫీసు కథే అయితే నేనీ లేఖ రాసేదాన్ని కాదు. డాలస్‌లోనూ ఎడిసన్‌లోనూ ఏ నలుగురు తెలుగు కుర్రాళ్లను కదిలించినా "పేరోల్ రన్ చేయించుకోవడం" అనే మాట వాళ్లకు తెలుసు.

ఎల్‌సీఏ మీద సంతకం పెట్టేటప్పుడు మీరు ఏం ఒప్పుకుంటున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ ఊళ్లో ఆ పనికి మామూలుగా ఇచ్చే జీతం, మీ కంపెనీలో అదే పని చేసే మిగతావాళ్లకు మీరిస్తున్న జీతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తానని అమెరికా కార్మిక శాఖకు మాట ఇస్తున్నారు. ప్రాజెక్ట్ ఉంటే ఇస్తాననో, క్లయింట్ డబ్బు పంపాక ఇస్తాననో అందులో ఎక్కడా లేదు. పని దొరక్క ఖాళీగా కూర్చున్న రోజులకూ జీతం ఇవ్వాల్సిందేనని 1998లో చట్టంలో రాశారు. బయటినుంచి వచ్చినవాడైతే దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల్లోపు, ఇక్కడే ఉండి స్టేటస్ (దేశంలో ఉండే చట్టబద్ధ హోదా) మార్చుకున్నవాడైతే పని చేయడానికి అర్హత వచ్చిన 60 రోజుల్లోపు జీతం మొదలవ్వాలి, ప్రాజెక్ట్ వచ్చినా రాకపోయినా. జీతం ఆపడానికి వీలున్నది అతనే తన సొంత అవసరానికి సెలవు అడిగినప్పుడు. అమ్మకు ఒంట్లో బాగోలేక ఇండియా వెళ్లాడు, అది సెలవు. "సెలవు కావాలని మెయిల్ పెట్టు" అని మనం అడిగి రాయించుకున్న మెయిల్ సెలవు కాదు. అలాంటి మెయిల్స్ కూడా నేను అడిగి రాయించాను.

మీరేం అంటారో నాకు తెలుసు. "పాపం కుర్రాడే కదా, రోడ్డు మీద పడేయకుండా వీసా నిలబెట్టాను. జీతం ఇవ్వలేకపోయినా స్టేటస్ కాపాడాను." మా యజమాని కూడా మనస్ఫూర్తిగా ఇదే నమ్మేవారు. మంచి మనిషి. పండక్కి గెస్ట్ హౌస్‌కి బొబ్బట్లు పంపేవారు. కానీ ఈ నమ్మకం తప్పు, దీని గురించి చెప్పడానికే ముఖ్యంగా ఈ లేఖ.

జీతం లేకుండా బెంచ్ మీద ఉన్న ప్రతి నెలా ఆ కుర్రాడి స్టేటస్‌కి చెదపురుగు పట్టినట్టే. రేపు ఇంకో కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే మొదట అడిగేవి ఇటీవలి జీతం చీటీలు, అంటే పే స్టబ్‌లు. అవి లేకపోతే ట్రాన్స్‌ఫర్ చిక్కుల్లో పడుతుంది, స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు కాన్సులేట్‌లో అదే ప్రశ్న. చివరికి గ్రీన్ కార్డు మెట్టు దాకా వచ్చాక, ఆఖరిసారి దేశంలోకి వచ్చిన దగ్గర్నుంచి స్టేటస్ తప్పిన రోజులు 180 దాటాయని తేలితే అక్కడ ఆగిపోవచ్చు. ఏళ్లతరబడి క్యూలో నిలబడి, పిల్లలు ఇక్కడే పుట్టి బడికెళ్తున్న వయసులో, ఎప్పుడో మనం చేసిన "సాయం" వాళ్ల ముందుకొస్తుంది. ఇక అతని డబ్బుతోనే పేరోల్ నడిపిస్తే పే స్టబ్ చేతికొస్తుంది, కానీ దాని వెనకున్న బ్యాంకు లావాదేవీ అబద్ధం చెప్పదు.

మరి జీతం ఇచ్చే స్తోమత నిజంగా లేకపోతే? పద్ధతిగా ఉద్యోగంలోంచి తీసేయండి. ఇది వినడానికి కఠినంగా ఉంటుంది. ఆరేళ్లు చూసినదాన్ని, దీనికంటే మేలు ఇంకోటి లేదు. అతనికి రాతపూర్వకంగా చెప్పండి. యూఎస్‌సీఐఎస్‌కి (వీసా పిటిషన్లు చూసే ప్రభుత్వ సంస్థ) తెలియజేసి, అతని హెచ్1 కోసం వేసిన పిటిషన్ వెనక్కి తీసుకోండి. సొంత దేశం వెళ్తానంటే దారి ఖర్చు ఇవ్వండి, గడువు తీరకముందే తీసేస్తే అది యజమాని బాధ్యతని చట్టమే చెబుతోంది. ఈ మూడూ చేయనంతవరకు ఉద్యోగం ముగిసినట్టు లెక్క కాదు, జీతం బాకీ పెరుగుతూనే ఉంటుంది. చేస్తే మాత్రం ఆ రోజునుంచి కుర్రాడికి 60 రోజుల దాకా గడువుంటుంది. 2017 జనవరి నుంచి ఉన్న వెసులుబాటు ఇది. ఆ రోజుల్లో మరో కంపెనీ అతని కోసం పిటిషన్ వేస్తే, అది అందిన దగ్గర్నుంచి అక్కడ పనిలో చేరిపోవచ్చు. శుభ్రమైన రికార్డుతో, అప్పు లేకుండా, తలెత్తుకుని వెళ్తాడు. మా ఆఫీసులో బెంచ్ మీద నాలుగు నెలలు కూర్చున్న ఒకమ్మాయి, "అప్పుడే తీసేసి ఉంటే బాగుండేదక్కా, రెండు నెలల్లో నా దారి నేను చూసుకునేదాన్ని" అంది. ఆ అమ్మాయి మాట నిజం.

ఇవ్వగలమా లేదా అన్నది పిటిషన్ వేసే ముందే తేలాల్సిన లెక్క. ఒక మనిషి మీద గంటకు 8 డాలర్లు మీకు మిగులుతాయనుకుందాం. నెలకు 160 గంటలు, అంటే 1,280 డాలర్లు. నేను చెప్పిన జీతం మీద రెండు నెలల బెంచ్ అంటే మీ వాటా పన్నుతో కలిపి 14,700 పైచిలుకు. దాదాపు పదకొండున్నర నెలల లాభం! వెండర్ డబ్బు 45 రోజులకో 60 రోజులకో వస్తుంది, ఈలోగా జీతాలు కట్టాలి. చిన్న కంపెనీకి ఇది ఎంత టెన్షనో దగ్గరుండి చూశాను, తేలికగా మాట్లాడటం లేదు. కానీ ఈ రిస్క్ వ్యాపారంలో భాగమనే కదా ప్రతి గంటకూ మీ వాటా మీరు తీసుకుంటున్నది. వచ్చే 1,280లో మూడో వంతైనా బెంచ్ కోసం విడిగా ఒక ఖాతాలో వేసుకుంటూ పోండి. ఆ ఖాతా నిండే దాకా పదిమందికి బదులు ఆరుగురికే హెచ్1 వేయండి.

ఫీజుల గురించి రెండు మాటలు. శిక్షణ నిధి కింద కట్టే 1,500 డాలర్లు, మీ దగ్గర పాతికమంది లేదా అంతకు తక్కువ ఉంటే 750, ఏ రూపంలోనూ కుర్రాడి దగ్గర తీసుకోకూడదు. అతను ఇష్టపడి ఇస్తానన్నా సరే. మోసాల నిఘా కోసం కట్టే 500 కూడా మీదే. లాయర్ ఫీజూ, పిటిషన్ ఫైలింగ్ ఫీజూ కంపెనీ వ్యాపార ఖర్చులు, వాటిని వసూలు చేసి జీతాన్ని ఉండాల్సినంత కంటే కిందికి దించడం ఉల్లంఘనే. భార్యాపిల్లల హెచ్4 ఖర్చు, స్టాంపింగ్ ఖర్చు అతను పెట్టుకుంటాడు, దాన్నెవరూ కాదనరు. "హైదరాబాద్‌లో మావాళ్లకి ఇవ్వు" అంటే లెక్కలోకి రాదనుకోకండి. డబ్బు ఏ దేశంలో చేతులు మారినా అది జీతంలో కోతే. ఆ తల్లిదండ్రులు చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణాలు చేసి మొక్కుకున్నది పిల్లాడికి వీసా రావాలని. వచ్చాక మీ బంధువుల ఇంటికి డబ్బు మోయాల్సి వస్తుందని వాళ్లనుకోలేదు.

ఇక ఫైల్. ఎల్‌సీఏ ఫైల్ చేసిన మర్నాటికల్లా, అంటే ఒక్క పని దినంలోపు, పబ్లిక్ యాక్సెస్ ఫైల్ సిద్ధంగా ఉండాలి. అందులో ఎల్‌సీఏ కాపీ, ఇచ్చే జీతం, ఆ జీతం ఎలా నిర్ణయించారన్న వివరణ, ఆ ప్రాంతంలో ఉన్న రేటుకు ఆధారం, ఎల్‌సీఏ వేశామని పనిచోట నోటీసు అంటించినట్టు రుజువు, ఇచ్చే బెనిఫిట్స్ వివరం ఉండాలి. ఎవరొచ్చి అడిగినా చూపించాలి, దాని పేరులోనే పబ్లిక్ అని ఉంది. కుర్రాడు పనిలో చేరే రోజుకల్లా ఎల్‌సీఏ కాపీ అతని చేతిలో ఉండాలి. తన కాగితంలో ఎంత జీతం రాశారో తనకే తెలియని కుర్రాళ్లను నేను డజన్లకొద్దీ చూశాను. తెలిస్తే అడుగుతాడని మనం ఇవ్వలేదు.

ఒకరోజు పొద్దున పదిన్నరకు యూఎస్‌సీఐఎస్ అధికారులు ఇద్దరు బ్యాడ్జీలు చూపిస్తూ లోపలికొచ్చారు. ముందు ఫోన్ లేదు, మెయిల్ లేదు. ఒక ఉద్యోగి పేరు చెప్పి ఎక్కడున్నాడని, ఏం పని చేస్తాడని, జీతమెంతని అడిగారు. పే స్టబ్‌లు చూపించమన్నారు. చల్లటి ఏసీ గదిలో నాకు అరచేతులు చెమట పట్టాయి. అదృష్టవశాత్తూ ఆ ఉద్యోగి ప్రాజెక్ట్ మీద ఉన్నాడు, కాగితాలు సరిగానే ఉన్నాయి. వాళ్లు వెళ్లాక భయం పట్టుకుని మిగతా ఫైళ్లు తీశాను. సగం కవర్లలో ఎల్‌సీఏ ప్రింటు తప్ప ఏమీ లేదు. నోటీసు కాగితం మీద ఎక్కడ అంటించారో, ఎప్పుడు తీశారో రాసే గీతలు ఖాళీగా ఉన్నాయి. పాత తేదీలు వేసి నింపేయమన్నారు మా యజమాని. నేను ఆ రోజు తేదీయే వేశాను. ఆలస్యంగా చేసింది ఒక తప్పు, తేదీ మార్చితే అది వేరే తప్పు, దానికి జైళ్లున్నాయి. ఈ తనిఖీలు 2009 నుంచి జరుగుతున్నాయి. 2025 జనవరి 17న అమల్లోకొచ్చిన కొత్త నిబంధనలతో క్లయింట్ ఆఫీసుకూ, ఇంటినుంచి పనిచేస్తే ఆ ఇంటికీ రావచ్చని స్పష్టంగా రాసేశారు. తలుపు తీయకపోతే, జవాబివ్వకపోతే పిటిషన్ రద్దు కావచ్చు.

ఇంటి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. కుర్రాడు ఇర్వింగ్‌లో ఉంటానని చెప్పి పెళ్లయ్యాక షార్లెట్ వెళ్లిపోయాడు, లాప్‌టాప్ పని కదా అని మనం ఊరుకున్నాం. ఆ ఇల్లే ఇప్పుడతని పని స్థలం. 2015లో వచ్చిన సిమియో తీర్పు తర్వాత, వేరే మెట్రో ప్రాంతానికి మారితే కొత్త ఎల్‌సీఏతో పాటు సవరణ పిటిషన్ కూడా వేయాలి. అదే మెట్రోలో ఇల్లు మారితే సవరణ అక్కర్లేదు గానీ నోటీసు కొత్త చోట అంటించాలి. ఇంటినుంచి పనిచేసేవాళ్లు దాన్ని ఫ్రిజ్ తలుపు మీద పది రోజులు అంటించి, ఫొటో తీసి పంపేవారు. నవ్వులాటగా అనిపించినా ఆ ఫొటో ఫైల్లో ఉండాలి.

రోజులు మారాయన్నది మీకూ తెలుసు. 2023 మార్చి హెచ్1 లాటరీకి అర్హమైన రిజిస్ట్రేషన్లే 7,58,994. ఒక్క మనిషి పేరు మీద నాలుగైదు కంపెనీలు వేసిన ఫలితం అది. అందులో మన కంపెనీల వాటా లేదని గుండె మీద చేయి వేసుకుని చెప్పలేం. మరుసటి ఏడాది నుంచి మనిషి లెక్కన తీయడం మొదలుపెట్టాక తగ్గుతూ వచ్చి, 2025 మార్చిలో 3,43,981కి దిగింది. 2025 సెప్టెంబర్‌లో బయటినుంచి కొత్తగా తెచ్చుకునేవాళ్ల పిటిషన్ మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. అదే రోజుల్లో కార్మిక శాఖ హెచ్1 యజమానుల మీద ప్రాజెక్ట్ ఫైర్‌వాల్ పేరుతో విచారణలు మొదలుపెట్టింది. ఇప్పుడు మీ చూపంతా ఇక్కడ చదువుకుని ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉన్న పిల్లల మీద పడుతుంది. ఓపీటీలో 90 రోజులు పని లేకుండా ఉంటే స్టేటస్ పోయే పిల్లలు వాళ్లు. మీరు ఏ కాగితం పెడితే దాని మీద సంతకం పెడతారు. ఎదురు మాట్లాడలేనివాడితో చేసే ఒప్పందంలో న్యాయం చూడాల్సింది మీరొక్కరే.

దీంతో పాటు ఒక కొత్త ప్రలోభం కూడా వచ్చింది. 2026 లాటరీ నుంచి జీతం స్థాయిని బట్టి అవకాశం పెరుగుతుంది. నాలుగో స్థాయి జీతానికి నాలుగు చీటీలు, ఒకటో స్థాయికి ఒక్కటి. కాగితం మీద మూడో స్థాయి రాసేసి, ఆ తేడా కుర్రాడి దగ్గరే నెలనెలా వెనక్కి తీసుకుందామన్న ఆలోచన ఈపాటికే ఎవరికో వచ్చి ఉంటుందని నా భయం. దయచేసి ఆ దారి పట్టకండి. మంగళవారం నా ఎదురుగా కూర్చున్న కుర్రాడి కథ అప్పుడు మూడు నెలలతో ఆగదు, మూడేళ్లు నడుస్తుంది.

మానేసి వెళ్తానంటే "బాండ్ ఉంది, పదివేలు కట్టు" అనడం కూడా మానండి. గడువుకు ముందు వెళ్లినందుకు జరిమానా వసూలు చేయడం హెచ్1 నిబంధనలకు విరుద్ధం. నిజంగా జరిగిన నష్టానికి ముందే ఒప్పుకున్న పరిహారం వేరే సంగతి, అది చెల్లుతుందో లేదో రాష్ట్ర చట్టం చూస్తుంది. ఫిర్యాదు చేసినవాడి మీద కక్ష కట్టడం మరో ఉల్లంఘన. తప్పు జరిగిన 12 నెలల్లోపు డబ్ల్యూహెచ్-4 అనే ఫారం నింపి కార్మిక శాఖకు పంపే హక్కు అతనికుంది. రుజువైతే జీతం బాకీ కట్టాలి, జరిమానా కట్టాలి, తప్పు తీవ్రతను బట్టి ఏడాదో, రెండేళ్లో, ఇంకా ఎక్కువో ఎవరికీ వీసా వేయకుండా నిషేధం పడుతుంది. అప్పుడు మీ దగ్గరున్న మిగతా పదిమందికీ ఎక్స్‌టెన్షన్లు వేయడానికి వీలుండదు. ఒకరి జీతం ఎగ్గొడితే పదిమంది ఇళ్లు కదులుతాయి.

మీకు పోరాడటం చేతకాక కాదు. థర్డ్ పార్టీ క్లయింట్ దగ్గర పనిచేసేవాళ్ల పిటిషన్ల మీద అన్యాయమైన షరతులు పెడుతున్నారని, ఐటీసర్వ్ అలయన్స్ అనే ఐటీ కంపెనీల సంఘం కోర్టుకెళ్లి 2020 మార్చిలో గెలిచింది. చిన్న కంపెనీలు కలిసి నిలబడితే ఏమవుతుందో అందరూ చూశారు. అదే ఐక్యత మీ సభల్లో బెంచ్ జీతం గురించి కూడా చూపించండి. బెంచ్ నిధి లేని కంపెనీ పిటిషన్ వేయకూడదని మీలో మీరే ఒక మాట అనుకోండి. కాగితాలు చూడటం రాని కొత్త యజమానికి పాతవాళ్లు నేర్పండి. నాలాంటి హెచ్ఆర్‌లు చాలామంది ఉన్నారు, పిలిస్తే శనివారం పూట వచ్చి ఉచితంగా ఫైళ్లు చూసి పెడతాం.

ఆ ఖమ్మం కుర్రాడికి నాలుగో నెలలో ప్రాజెక్ట్ వచ్చింది. తర్వాత వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. వాళ్ల నాన్న ఇచ్చిన డబ్బు అతనికి తిరిగి రాలేదు. అడిగితే ఎక్కడ హెచ్1 రద్దు చేస్తారోనని అడగలేదు. నేను ఉద్యోగం మానేసే రోజు మా యజమానితో ఈ మాటే చెప్పాను, ఆయన ఏమీ అనలేదు.

మీ దగ్గర ఇలా ఇవ్వాల్సిన డబ్బు ఎవరిదైనా ఉంటే లెక్క తీసి తిరిగి ఇచ్చేయండి. ఈ నెలాఖరున బెంచ్ మీద ఎవరైనా ఉంటే, వాళ్లకు ఫోన్ చేయకుండా, కంపెనీ ఖాతాలోంచి పేరోల్ నడపండి.

ఇట్లు,
మీలో ఒకరి ఆఫీసులో ఆరేళ్లు పేరోల్ నడిపిన ఒక హెచ్ఆర్ ఉద్యోగిని